సెల్లార్‌లో మాస్ కాపీయింగ్

నాకు నోటి దూల ఎక్కువ. ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు, పెళ్లయిన కొత్తలోనే మా ఆవిడ కనిపెట్టింది. నలుగురు కూర్చుని మాట్లాడుకుంటున్న చోట నేను నోరు మూసుకుని ఉన్న సందర్భం ఆమెకి తెలిసి ఒక్కటీ లేదట. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఎదురుగా మనుషులు వరసగా కుర్చీల్లో కనిపిస్తే చాలు, నాకు తెలియకుండానే లేచి నిలబడతాను. చేతిలో సుద్దముక్క లేదన్న సంగతి ఆ తర్వాత గుర్తొస్తుంది.

మేం ఉండే అపార్ట్‌మెంటు కొత్తగూడ ఫ్లైఓవర్‌కి కూతవేటు దూరంలో ఉంది. సెల్లార్‌లో జనరేటర్ పక్కన ఒక గది చాలాకాలంగా ఖాళీగా పడి ఉంది. ఒకప్పుడు అది జిమ్. నడిచే మెషీన్ చెడిపోయాక ఎవరూ అటు నడవలేదు. ఆ గదిలో మన దగ్గర పనిచేసేవాళ్లకి ఏదైనా చదువు చెప్పిద్దామని అసోసియేషన్ మీటింగులో మాట వచ్చింది. గార్డులు, హౌస్‌కీపింగ్ వాళ్లు, డ్రైవర్లు, పక్క సైట్‌లో తాపీపని చేసే కుటుంబాలు, ఎవరైనా రావచ్చు. మంచి ఆలోచనే. కానీ ఏం చెప్పించాలో తేలలేదు. సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు కోడింగ్ అన్నాడు. ఒకావిడ వ్యక్తిత్వ వికాసం అంది. పై అంతస్తు పెద్దమనిషి ధ్యానం దగ్గర మొదలుపెడితే మిగతావన్నీ అవే వస్తాయన్నాడు. నేను ఎప్పటిలాగే లేచి నిలబడ్డాను.

"అసలు వాళ్లకేం కావాలో వాళ్లని అడిగారా ఎవరైనా?" అన్నాను.

నిజం చెప్పొద్దూ, మాట అద్భుతంగా పేలింది. అందరూ నిశ్శబ్దమైపోయారు. ఆ నిశ్శబ్దాన్ని నేను కాసేపు అనుభవించాను కూడా. బ్యాంకులో పనిచేసే మా సెక్రటరీ కళ్లజోడు తీసి తుడుచుకుని, చాలా బాగా చెప్పారు మాస్టారూ, మీరే అడిగి రిపోర్టు ఇవ్వండి, అన్నాడు. మీటింగు అయిపోయింది. అందరూ సమోసాల వైపు వెళ్లారు.

మనుషుల్ని ఏం కావాలని అడగడానికి నేను వారం రోజులు తయారయ్యాను. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ఎవరికి ఏం వచ్చో, ఏం రాదో తెలియాలంటే పరీక్ష పెట్టాలి. కాబట్టి ప్రశ్నపత్రం తయారుచేశాను. స్వల్ప సమాధాన ప్రశ్నలు ఒక విభాగం, వివరంగా చెప్పవలసినవి మరో విభాగం. సెల్లార్ గదిలో బల్ల వేయించాను. బల్ల మీద బెల్లు పెట్టాను. బయట బెంచీ వేయించి, వంతుకొచ్చినవాళ్లు దాని మీద కూర్చోవాలన్నాను. జనరేటర్ వేడికి గదిలో ఉక్కగా ఉంటుందని తలుపు మాత్రం తెరిచి ఉంచాను. కొంప ముంచింది ఆ తలుపే.

మొదట పిలిచింది మెయిన్ గేటు దగ్గర పగలు డ్యూటీ చేసే గార్డుని. పాలమూరు వైపు నుంచి వచ్చిన మనిషి. ముప్పై దాటి ఉంటాయి. యూనిఫాం టోపీ ఆమెకి ఒక సైజు పెద్దది, మాట్లాడేటప్పుడు చేత్తో పైకి తోసుకుంటూ ఉంటుంది. మా ఆవిడకి ఆమెతో బాగా స్నేహం. కూర్చోమంటే కూర్చోలేదు, డ్యూటీలో ఉన్నానంది. నేను గొంతు సవరించుకుని మొదటి ప్రశ్న చదివాను: నీవు ఏమి నేర్చుకొనదలచితివి? అవును, అలాగే రాశాను. ఆమె నా మొహం వైపు కాసేపు చూసి, అర్థం చేసుకుని జవాబు చెప్పింది.

"ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకోవాలె సార్. గేటుకాడ ఇగ రిజిస్టర్ ఉండదంట, ట్యాబ్ ఇచ్చిన్రు. దాంట్ల పేర్లన్ని ఇంగ్లీషుల కొట్టాలె. నేను అయిదో క్లాసు దాంక తెలుగుల చదివిన. అంకెలొస్తయి, అక్షరాలు రావు."

దసరా వెళ్లాక సెక్యూరిటీ ఏజెన్సీ సూపర్‌వైజర్ వచ్చి, ఎదురుగా నిలబడి ఎంట్రీ చేయించి చూస్తాడట. చేతకానివాళ్లని బాలానగర్‌లో ఏదో గోదాముకి వేస్తారట, అక్కడ రాత్రి డ్యూటీ. ఆమె భర్త లారీ డ్రైవరు, నెలలో ఇంట్లో ఉండేది తక్కువ. ఏడో తరగతి చదివే కూతురు ఉంది. గోపన్‌పల్లిలో కిరాయికి ఉంటారు. చుట్టూ కొత్త బిల్డింగులు లేస్తున్న చోట రేకుల గది. రాత్రి డ్యూటీ పడితే ఆ పిల్ల అక్కడ ఒక్కతే పడుకోవాలి. అదే తన పరేషాన్ అని చెప్పి టోపీ పైకి తోసుకుంది.

నేను చలించాను. ఎందుకు చలించానో కూడా చెప్పాలి. పిల్ల గురించి కాదు. సర్వీసంతా క్లాసులో లేపి అడిగితే నీళ్లు నమిలే విద్యార్థుల్ని చూసినవాణ్ణి. ఇంత స్పష్టంగా, కారణంతో, ఉదాహరణతో జవాబు చెప్పినవాళ్లు నాకు అరుదు. అందుకని బల్ల మీద చరిచి, వెరీ గుడ్, శభాష్, జవాబంటే ఇలా ఉండాలి, అన్నాను. నా గొంతు సంగతి చెప్పాగా. బెంచీ మీదివాళ్లే కాదు, లిఫ్టు దగ్గరున్నవాళ్లు కూడా విన్నారు.

మరి ఎప్పుడు నేర్పుతారు సార్ అని ఆమె అడిగింది. ముందు అందరినీ అడగాలనీ, రిపోర్టు రాయాలనీ, కమిటీ ఆమోదించాలనీ చెప్పాను. దసరా అని గుర్తుచేసింది. చూద్దాంలేమ్మా అన్నాను. బెల్లు కొట్టాను.

ఆ రాత్రి అన్నం దగ్గర ఈ సంగతి మా ఆవిడకి గొప్పగా చెప్పాను. ఆవిడ గరిటె గిన్నెలో పెట్టేసి, అయితే రేపట్నుంచే నేర్పండి, ఏబీసీడీలకి కమిటీ ఎందుకండీ, అంది. ఒక్కరి జవాబు పట్టుకుని పథకం వేయకూడదన్నాను. పోనీ నేను నేర్పుతానంది. వద్దన్నాను. మధ్యలో ఒకరికి నేర్పడం మొదలుపెడితే సర్వే పాడవుతుందన్నాను. మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. వాదించేదే, కానీ మర్నాడే వాళ్లక్కకి మోకాలి ఆపరేషనని విజయవాడ ప్రయాణం కట్టింది. ఆటో ఎక్కుతూ కూడా, నేను తిరిగొచ్చేసరికి ఆ అమ్మాయికి అక్షరాలు రావాలి అని చెప్పి మరీ వెళ్లింది.

ఇక సర్వే. ఊడ్చే ఆవిడని పిలిచాను. ఏం నేర్చుకుంటావమ్మా అంటే, ఇంగ్లీషు అక్షరాలు సార్, ట్యాబ్‌లో పేర్లు ఇంగ్లీషులో వస్తున్నాయి, అంది. డ్రైవర్ని పిలిచాను. ఇంగ్లీషు అక్షరాలు సార్, ట్యాబ్‌లో పేర్లు. తాపీమేస్త్రీ వచ్చాడు, చేతుల నిండా సిమెంటు. ట్యాబ్‌లో పేర్లు సార్. బట్టలు ఇస్త్రీ చేసే ఆయనకీ అదే, ఆయన భార్యకీ అదే. కొంతమంది అంకెలొస్తాయి అక్షరాలు రావు అని కూడా జోడించారు. ఒక్కరూ తడుముకోలేదు, ఒక్కరూ నసగలేదు.

బుర్ర ఉన్నవాడికెవడికైనా అనుమానం రావాలి. నాకు ఆనందం వచ్చింది. ఇంతటి ఏకాభిప్రాయం నా జీవితంలో చూడలేదు. చార్టు గీశాను. చార్టులో ఒకే ఒక్క స్తంభం, పైకప్పు దాకా. దాన్ని రంగు పెన్సిల్‌తో నింపుతుంటే విజయవాడ నుంచి ఫోను. నేర్పడం మొదలుపెట్టారా అని మా ఆవిడ. రిపోర్టు అద్భుతంగా వస్తోందన్నాను. నేనడిగింది అది కాదు అని పెట్టేసింది.

మీటింగులో ఆ చార్టు గోడకి అంటించి నేను అరగంట మాట్లాడాను. కోడింగ్ కుర్రాడు చెయ్యెత్తాడు. అంకుల్, మన తోటమాలి కూడా ఇదే చెప్పాడా, ఆయనకి ట్యాబ్ ఎందుకు, అన్నాడు. కుర్రవాడి ప్రశ్నకి అక్కడికక్కడే జవాబు చెప్పించాలని పంతం వచ్చింది నాకు. కబురు పంపి తోటమాలిని పిలిపించాను. పెద్దాయన, చేతిలో నీళ్ల పైపు అలాగే పట్టుకుని వచ్చాడు. అందరి ముందూ అడిగాను. ఆయన ఏ దాపరికమూ లేకుండా చెప్పాడు.

"నాకెందుకు సార్ ట్యాబు? గేటుకాడి ఆమె గట్ల చెప్తే మీరు శభాష్ అన్నరంట గద. వేరే ఏం చెప్పినా తిప్పితిప్పి అడుగుతరంట. జర జల్ది అయిపోతదని అందరం అదే చెప్పినం."

కిసుక్కుమని ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. ధ్యానం పెద్దమనిషి కూడా కళ్లు తెరిచి నవ్వాడు. నేను చార్టు ఊడదీసుకుని, మొహం మాడ్చుకుని ఇంటికొచ్చాను. ఒళ్లు మండిపోయింది. ఏమిటిది? మాస్ కాపీయింగ్! కాలేజీల్లో కిటికీల్లోంచి చీటీలు విసిరేవాళ్లని వెంటపడి పట్టుకున్న చేతులివి. డెస్కుల కింద వెతికి, చొక్కా మడతల్లో వెతికి, ఆఖరికి బూట్లలోంచి కూడా లాగినవాణ్ణి. ఆ నా కళ్ల ముందు, నా సెల్లార్‌లో, బెంచీ మొత్తం ఒకే జవాబా? పరీక్ష రద్దు చేశాను. అవును, ఆ మాటే రాశాను, కాగితం మీద, లిఫ్టు పక్కన అంటించాను: జరిగిన సర్వే రద్దు చేయడమైనది, తిరిగి నిర్వహించబడును.

మా ఆవిడ ఫోనులో పగలబడి నవ్వింది. నవ్వాక అడిగింది, మరి అందరికంటే ముందు చెప్పిన అమ్మాయి ఎవరిని చూసి కాపీ కొట్టిందండీ, అని. నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. పరీక్ష రద్దయితే అందరిదీ రద్దే, బోర్డు రూలు అంతే, అన్నాను. దసరా ఎప్పుడో చూసుకున్నారా అంది. చూసుకున్నాను. క్యాలెండర్ ఎదురుగానే ఉంది.

రెండోసారి పకడ్బందీగా చేశాను. నాలుగు రకాల ప్రశ్నపత్రాలు, ప్రశ్నల వరస తారుమారు. ఎంసెట్‌లో చేసినట్టే. తలుపు మూశాను. బయట బెంచీ తీయించేసి, కుర్చీలు ఎడంగా వేయించాను. ఉక్కతో నాకే కళ్లు తిరిగాయి. వచ్చినవాళ్లు బిక్కచచ్చి కూర్చున్నారు. ఏం కావాలంటే, మీ ఇష్టం సార్, అన్నారు. అలా కాదు, నీ మనసులో ఉన్నది చెప్పు అంటే, మీ మనసులో ఉన్నదే సార్, అన్నారు. గార్డు వంతు వచ్చింది. అప్పటికి బతుకమ్మ పాటలు పక్క కాలనీలోంచి వినిపిస్తున్నాయి.

"గదే సార్. ఇంగ్లీషు అక్షరాలు," అంది.

"అది కాకుండా చెప్పు. అది అందరూ చెప్పేశారు. చెల్లదు."

"నాకు కావాల్సింది గదే గద సార్."

"ఆ జవాబు కొట్టేశామమ్మా. ఇంకేదైనా చెప్పు. ఆలోచించుకో, తొందరేం లేదు."

తొందరేం లేదు అన్నాను. నా నోటితోనే అన్నాను. ఆమె టోపీ తీసి చేతిలో పట్టుకుంది. మూసిన తలుపు వైపోసారి చూసింది. నేను పెన్ను తెరిచి పట్టుకుని, సరైన జవాబు రాబోతోందన్న ధీమాతో ప్రోత్సాహకరంగా నవ్వుతున్నాను.

"అయితే కుట్టుపని రాసుకోండి సార్," అంది.

రాసుకున్నాను. సంతోషంగా రాసుకున్నాను. ఇది సొంత జవాబు, ఎవరినీ చూసి చెప్పింది కాదు! ఆమె వెళ్లిపోయాక ఊడ్చే ఆవిడ వచ్చి పాపం ఏం చెప్పాలో తెలీక బిక్కమొహం వేస్తే, కుట్టుపని లాంటిదేమైనా ఉందా అని నేనే అందించాను. ఉందంది. ఆ తర్వాత ఇంకొందరికి అందించాను. దీన్ని ఏమంటారో అప్పుడు నాకు తోచలేదు. రిపోర్టులో కుట్టుపని మొదటి స్థానంలో నిలిచింది, కమిటీ ఆమోదించింది, ఎవరో పుణ్యాత్ములు రెండు మిషన్లు కొనిచ్చారు. దసరా నాడు జమ్మి చెట్టు దగ్గర సెక్రటరీ నాకు ఆకు ఇచ్చి, మీవల్లే మాస్టారూ, అన్నాడు. నేను వినయంగా తల వంచాను.

దసరా అయిన కొన్ని రోజులకి పొద్దున్నే కూరలకి వెళ్లి, సంచీ మోసుకుని వస్తున్నాను. గేటు దగ్గర ఏజెన్సీ బండి ఆగి ఉంది. తెల్లచొక్కా టక్ చేసుకున్న సూపర్‌వైజర్ గార్డు కేబిన్ ముందు నిలబడి ఉన్నాడు. లోపల ఆమె, చేతిలో ట్యాబు. ఆమె మొహం చూశాను. నేను ఎన్ని పరీక్ష హాళ్లలో చూశానో ఆ మొహం. ప్రశ్నపత్రం తెరిచి, ఒక్కటీ రానివాళ్ల మొహం. అప్పుడు వెలిగింది నాకు. అక్షరాలు, ట్యాబు, బాలానగర్, రేకుల గదిలో ఆ పిల్ల. కుట్టుపని. సిగ్గుతో చచ్చిపోయాననడం చిన్నమాట.

ఎవరైనా విజిటర్ వస్తే ఎంట్రీ చేసి చూపించు అంటున్నాడు సూపర్‌వైజర్. విజిటర్ ఎవరూ రావడం లేదు. ఎవరొస్తారో, ఎంత పొడుగు పేరు ఉంటుందో. నేను ముందుకి దూకాను.

"నేనే విజిటర్ని," అన్నాను.

ఆమె నా వైపు చూసింది. ఈ గేటులోంచి రోజుకి ఎన్నోసార్లు వెళ్లే మనిషిని. సూపర్‌వైజర్‌కి నేనెవరో తెలియదు, తలూపాడు. పేరు చెప్పండి అన్నాడు. మా తల్లిదండ్రులు నాకు గూడ్సుబండంత పేరు పెట్టారు. ముందు ఇంటిపేరు, వెనక తాతగారి పేరు, మధ్యలో ఇలవేల్పు. ఆ పేరుని నా జీవితంలో మొదటిసారి వదిలేశాను. ఇంగ్లీషులో మూడంటే మూడే అక్షరాలు పట్టే పేరొకటి నోటికొచ్చింది చెప్పాను. అబద్ధం. అంతటితో ఆగలేదు. సూపర్‌వైజర్ వెనక ఎవరిదో కారు ఉంది. పక్క సైట్ దుమ్ము పుణ్యమా అని మా దగ్గర ప్రతి కారూ నల్లబల్లే. ఆయన ట్యాబ్ వైపు వంగి చూస్తున్న సమయంలో, నేను ఆ కారు అద్దం మీద వేలితో మొదటి అక్షరం పెద్దగా రాశాను.

ఆమె చూసింది. ట్యాబ్ మీద ఆ బొమ్మ ఎక్కడుందో వెతుక్కుని నొక్కింది. రెండోది రాశాను. వెతుక్కుంది, నొక్కింది. సూపర్‌వైజర్ మెడ తిప్పాడు. నేను అద్దానికి ఆనుకుని చొక్కా చేత్తో తుడిచేస్తూ, ఇక్కడ దుమ్ము చాలా ఎక్కువండీ, అన్నాను. ఆయన అటు తిరగ్గానే పక్క అద్దం మీద మూడోది రాశాను. ఫ్లాట్ నంబరు, ఫోన్ నంబరు ఆమె తడుముకోకుండా కొట్టేసింది. సూపర్‌వైజర్ చూసి, స్లోగా ఉంది, ప్రాక్టీస్ చెయ్యి, నెలాఖరుకి మళ్లీ వస్తా, అని బండి ఎక్కాడు.

ఇన్నేళ్ల సర్వీసులో నేను పట్టుకున్న చీటీలన్నీ ఒక ఎత్తు. ఆ పొద్దున నేనే అందించాను, పట్టపగలు, నడిరోడ్డు మీద. పట్టుబడనందుకు నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. చొక్కా మోచేతి దాకా మట్టి. కేబిన్ దగ్గరికి నవ్వుకుంటూ వెళ్లాను, ఆమె కూడా నవ్వుతుందనుకుని.

ఆమె నవ్వలేదు.

"ఇయ్యాల అయిపోయింది సార్," అంది. "రేపు వచ్చెటోళ్ల పేర్లన్ని మూడక్షరాలే ఉంటయా?"

చేతికంటిన మట్టి దులుపుకున్నాను. మా ఆవిడ ఆ పూట అక్కడ లేకపోవడం నా అదృష్టమో దురదృష్టమో తెలియదు. గార్డు కిటికీలోంచి ట్యాబ్ నా వైపు తిప్పింది. కోపం ఉందో లేదో ఆ గొంతులో నాకు తెలియలేదు.

"మీ అసలు పేరు మస్తు పొడుగుంటదని మీ ఇంట్ల అమ్మ చెప్తది. అది నేర్పుండ్రి."

కూరల సంచీ గేటు పక్కన పెట్టి స్టూలు మీద కూర్చున్నాను. ఒక్కో అక్షరం కారు అద్దం మీద రాశాను, పలికాను. ఒక అద్దం నిండిపోతే పక్క కారుకి వెళ్లాను. మధ్యలో వచ్చిన డెలివరీ వాళ్లని ఆమె చెయ్యూపి పంపేసింది. ఎండెక్కేసరికి నా పేరంతా ట్యాబ్ మీదికి వచ్చింది. ఆమె తల ఎత్తి, తప్పులున్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను, ఏవో చూపించబోయి వేలు చాపాను.

ఆమె ట్యాబ్ వెనక్కి లాక్కుని మొత్తం చెరిపేసింది.

"మళ్ల కొడత. మీరు సూడకుండ్రి సార్, అటు తిరుగుండ్రి."

నేను రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను.